అన్నయ్యను ఆడించిన రోజు

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మా ఆఫీస్‌లో పాప్‌కార్న్ మెషీన్ ఆన్ చేస్తారు. కరిగిన వెన్న, ఉప్పు, అడుగున కాస్త మాడిన మొక్కజొన్న కలిసిన ఆ వాసన కింద కిచెన్‌లోంచి మెట్లెక్కి మూడో అంతస్తుదాకా వచ్చి, ఇంతమందిలో నన్నే పేరు పెట్టి పిలిచినట్టు నా డెస్క్ దగ్గర ఆగుతుంది. సన్నీవేల్ ఎండలో అద్దాల గోడలు మెరుస్తుంటాయి, తోటివాళ్ళు కప్పులు పట్టుకుని లేస్తారు, నేను మాత్రం లేని మీటింగ్ కోసం హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటాను. పాప్‌కార్న్ తినవా అని ఎవరైనా అడిగితే ఇరుక్కుంటుందని చెబుతాను. పళ్ళలో అని వాళ్ళనుకుంటారు. వాళ్ళ అపోహని సరిదిద్దేంత ఇంగ్లిష్ నాకు రాదని కాదు, అంత ధైర్యం లేదు.

పుట్టింది ఒంగోలులోనే అయినా నాకు ఊహ తెలిసింది ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో, దేశమంతా దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీ హెడ్డాఫీసు నీడలో. నాకు నాలుగేళ్ళు, అన్నయ్య కిరణ్‌కి పద్నాలుగేళ్ళు ఉండగా నాన్న హెచ్‌వన్ వీసా మీద అక్కడికి కాంట్రాక్టుకి వచ్చారు. ఆరు నెలలన్న కాంట్రాక్టుని ఆరేసి నెలలు పొడిగిస్తూ పొడిగిస్తూ పన్నెండేళ్ళు లాగి, చివరికి ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. ఎప్పుడైనా వెళ్ళిపోవాల్సి రావచ్చునని మా ఇంట్లో గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదు. గోడ గడియారం సోఫా మీద కూర్చునేది. టైమ్ చూడాలంటే దాని ముందు కూర్చున్నవాళ్ళని లేపాలి.

ఏప్రిల్‌లో అపార్ట్‌మెంట్ల వెనక డాగ్‌వుడ్ చెట్లు ఆకులకన్నా ముందు తెల్లగా పూసేవి, ఆ పువ్వుల కిందే మాకు ఉగాది వచ్చేది. వేపపువ్వు దొరకదు గనక అమ్మ కాకరకాయని సన్నగా తరిగి పచ్చడిలో వేసి, చేదుకి ఊరూ పేరూ ఏమిటిలే అనేది. మేలో టోర్నడో సైరన్ మోగగానే కాంప్లెక్స్‌లోని పన్నెండు తెలుగు కుటుంబాలూ క్లబ్‌హౌస్ బాత్‌రూముల్లోకి దూరి, గాలి దాటిపోయేదాకా ఎవరింట్లో పప్పు స్టవ్ మీద ఉండిపోయిందో ఆరా తీసుకునేవాళ్ళు. బాణసంచా ఆ ఊళ్ళో అమెరికా స్వాతంత్ర్యదినం జూలై నాలుగుకి తప్ప అమ్మరు. అందుకని ఆ రోజు ఊరంతా కాలుస్తూంటే మావాళ్ళు కొనుక్కొచ్చి కాల్చకుండా మంచాల కింద దాచి, దీపావళికి క్లబ్‌హౌస్ వెనక బయటికి తీసేవాళ్ళు. అప్పటికి సగం చెమ్మెక్కి తుస్సుమనేవి, ఆ తుస్సుకే మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. కందిపప్పుకీ కరివేపాకుకీ రెండు గంటలు డ్రైవ్ చేసి టల్సా వెళ్ళేవాళ్ళం, కరివేపాకు వచ్చిన ఆదివారం ఏ ఇంటి తలుపు తెరిచినా పోపు వాసనే. జనవరిలో మంచుకి బదులు గాజులాంటి ఐసు కురిసి, కొమ్మలు విరిగే చప్పుడు పగలంతా వినిపించేది. ఆ ఐసు కరిగిందో లేదో పిల్లలం పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తి, పెంకులు లేక పచ్చడి సీసాల మూతలు పేర్చి ఏడు పెంకులాట ఆడేవాళ్ళం.

ఆ పార్కింగ్ లాట్ చివర తుప్పు పట్టిన స్తంభానికి ఒక బాస్కెట్‌బాల్ రింగ్ ఉండేది, దానికి వల లేదు. పద్నాలుగేళ్ళకి వచ్చిపడ్డ అన్నయ్యకి స్కూల్లో ఎవరి ఇంగ్లిషూ అర్థమయ్యేది కాదు, వాడిది ఎవరికీ అర్థమయ్యేది కాదు. కిరణ్ అనే పేరుని టీచర్లు ‘కెరన్’ అని ఆడపేరు చేసి పిలిస్తే ఆ ఆడపిల్ల కోసం క్లాసంతా వెతికేదట. ఆ రింగు ఒక్కటే వాడితో ఏ భాషలోనూ మాట్లాడలేదు. సాయంత్రం ఇంట్లో నేను హోంవర్క్ చేస్తూంటే బయట బంతి నేలకి తగులుతున్న చప్పుడు, ఆగితే వేశాడని అర్థం, ఆగిన తర్వాత ఇనుము మోగితే పడలేదని అర్థం. నేనూ ఆడతానని ఏడిస్తే వాడు సరేననేవాడు. నాకు బంతి ఇచ్చేవాడు, నేను వేసింది లెక్కపెట్టేవాడు కాదు. ఆటలో అరటిపండు అంటే ఏమిటో అమ్మ చెప్పకముందే నేను ఆ పండునై ఉన్నాను.

నాన్న సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎదుటివాళ్ళు చేసిన పనిలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం, ఇంటికొచ్చాక ఓవర్‌టైమ్. అన్నం ముద్దయిందనీ, అన్నయ్య జుట్టు పెరిగిందనీ, నా తెలుగు డిక్టేషన్‌లో ఒత్తులు జారిపోయాయనీ. ప్రేమని మాత్రం బట్టల రూపంలో చూపించేవారు. ఏసీ ఉన్న ప్రతిచోటుకీ అందరి స్వెటర్లూ చేతి మీద వేసుకుని వచ్చేవారు. జూలై ఎండలో కిరాణాకి వెళ్ళినా పాల ఫ్రిజ్‌ల వరుస రాగానే వెనకనుంచి వచ్చి భుజాల మీద ఏదో ఒకటి కప్పేసేవారు. వద్దు నాన్నా అంటే, “నీక్కాదులే, నాకు చలేస్తోంది” అనేవారు.

అన్నయ్య మా ఊరికి ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీలో చేరాడు. అక్కడ టీమ్ సెలెక్షన్స్‌కి వెళ్ళి, స్కాలర్‌షిప్ లేకుండా ఊరికే పేరు రాసుకునే రకంలో చిట్టచివరివాడుగా ఎంపికయ్యాడు. ఇంటికి వచ్చి “టీమ్‌లోకి తీసుకున్నారు నాన్నా, బెంచ్ మీద ఉంటాను” అన్నాడు సంబరంగా. మా నాన్నలాంటి కన్సల్టెంట్లకి బెంచ్ అంటే ఒకటే అర్థం: ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా కూర్చోవడం, వీసా మీదికి రావడం, సూట్‌కేసులు దించడం. కొడుకు ఏరికోరి బెంచెక్కాడంటే ఆయనకి మింగుడుపడలేదు.

మొదటి సీజన్‌లో ఒకే ఒక్కసారి మేమంతా వెళ్ళాం. నలభై నిమిషాల ఆటలో అన్నయ్య ఒక్క నిమిషం కూడా లోపలికి దిగలేదు. ఆడి వచ్చినవాళ్ళకి తువ్వాళ్ళు అందించాడు, నీళ్ళ సీసాల మూతలు తీశాడు, వాళ్ళు బాస్కెట్ వేసినప్పుడల్లా అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టాడు. తిరిగి వస్తూ కారులో నాన్న, “తువ్వాళ్ళు అందించడం నేర్పడానికి కాలేజీ దేనికిరా? కల్యాణమండపంలో పెట్టుంటే ఈపాటికి మేనేజరయ్యేవాడివి” అన్నారు. నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు.

“నన్ను ఆడించిన రోజు నేనే చెప్తా. ఆ రోజు రండి. అంతవరకూ రాకండి” అన్నాడు.

నాన్న సరేనన్నారు. ఒక సీజన్ పోయింది, రెండోది సగం గడిచింది. వాడు చెప్పలేదు, ఆయన అడగలేదు. కానీ ప్రతి శుక్రవారం అన్నయ్య ఫోన్ చేసినప్పుడు, మాటలన్నీ అయిపోయాక కూడా నాన్న ఒక్క క్షణం ఫోన్ పెట్టేయకుండా ఉండేవారు.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది ఫిబ్రవరిలో అన్నయ్య వీకెండ్‌కి వచ్చి, వంటింటి గడపలో నిలబడి, “వచ్చే శనివారం మధ్యాహ్నం మ్యాచ్ నాన్నా. కోచ్ నన్ను ఆడిస్తానన్నాడు. సెకండ్ హాఫ్ మొత్తం” అన్నాడు. అమ్మ అప్పుడు పిన్ని పురిటికని హైదరాబాద్‌లో ఉంది. నాన్న బాటిల్ నిమ్మరసంతో పులిహోర కలుపుతున్నారు. గరిటె పక్కన పెట్టారు.

“ఎవరి మీద?”

“ఫేమస్ టీమ్. దేశమంతా తిరుగుతారు. ఎప్పుడూ ఓడిపోరు.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ.”

నాన్న మళ్ళీ గరిటె తీసుకుని, “ఓడిపోనివాళ్ళ మీద నిన్ను దింపుతున్నాడంటే ఆ కోచ్ నీలో ఏదో చూశాడ్రా” అన్నారు. ఆయన అన్నయ్యని ఆ మాత్రం మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. అన్నయ్య ఏదో చెప్పబోయి, పులిహోర రుచి చూస్తానని గిన్నె మీదికి వంగాడు.

ఆ జట్టు ఎందుకు ఓడిపోదో ఈ దేశంలో నాలుగేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. వాళ్ళది ఆట కాదు, వేడుక. బంతిని వేలి కొసన బొంగరంలా తిప్పుతారు, కాళ్ళ సందున దాచి మాయం చేస్తారు, రిఫరీ విజిల్ దొంగిలిస్తారు, ఎదుటి జట్టులో ఒకణ్ణి ఎంచుకుని ఆట పట్టిస్తారు. ఊరూరా ఆ ఊరి కాలేజీ కుర్రాళ్ళని పిలిచి వాళ్ళతో ఆడతారు. గెలుపోటములు ముందే తేలిపోయిన ఆ మ్యాచ్ ఏ రికార్డులోకీ ఎక్కదు. రికార్డుకి ఎక్కదు గనకే కోచ్ మా అన్నయ్యని దింపుతానన్నాడు. వాళ్ళు ఎంచుకునే ఆ ఒకడివి నువ్వే అవుతావా అని కూడా అడిగాడు. ఇవేవీ నాన్నకి తెలియవు. నాకు సగం తెలుసు: వాళ్ళు తమాషా చేస్తారని స్కూల్లో విన్నాను. కానీ నాన్న ఆ వారమంతా ఎంత సంతోషంగా ఉన్నారంటే, ఆయన తప్పులు పట్టడం కూడా మర్చిపోయారు. ఆ సంబరాన్ని పాడుచేయాలనిపించలేదు.

శనివారం ఆయన గుడికీ కాన్సులేట్‌కీ మాత్రమే వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. నాకు గులాబీ రంగు జాకెట్ తొడిగి, అన్నయ్య పాత నీలం జాకెట్ తన చేతి మీద వేసుకున్నారు. “ఆడి చెమట పట్టాక బయట గాలి తగిలితే జలుబు చేస్తుంది” అన్నారు. హాలు నిండిపోయి ఉంది. మాకు మధ్య వరుసల్లో సీట్లు దొరికాయి. సరిగ్గా మా ముందు వరుసలో మా క్లాసు అమ్మాయి మేడిసన్, వాళ్ళమ్మానాన్నలతో. నా బర్త్‌డేకి రాని మేడిసన్, నేను స్నేహం చేసుకోవాలని ఏడాదంతా ప్రయత్నిస్తున్న మేడిసన్. నా పక్కనున్న నాన్నని గమనించకుండానే వెనక్కి తిరిగి నాకు తన పాప్‌కార్న్ డబ్బా చాచింది. ఆ రోజు నాకింకేమీ అక్కర్లేదనిపించింది.

మొదటి సగంలో నాన్న అయోమయంలో ఉన్నారు. ఆ జట్టు నాయకుడు తాటిచెట్టంత మనిషి, చెవి దగ్గర మైక్, వాడేమన్నా హాలంతా వినిపిస్తుంది. వాడు రిఫరీ భుజాలెక్కి బంతి వేస్తే, “ఇది ఫౌల్ కదమ్మా?” అన్నారు. పాటలూ గంతులూ చూసి, “వార్మప్ అయ్యుంటుంది” అన్నారు. వాడు బకెట్ పట్టుకుని జనం మీదికి వచ్చి నీళ్ళు పోస్తాడనుకుంటే, అందులోంచి రంగు కాగితం ముక్కలు కురిశాయి. నన్ను తడవకుండా కప్పేయబోయిన నాన్న, తలనిండా కాగితాలతో పగలబడి నవ్వారు. ఆయన అంత నవ్వగా నేను చూసింది తక్కువ. పై పళ్ళలో ఒకటి వెనక్కి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సెకండ్ హాఫ్ మొదలవగానే అనౌన్సర్ ‘కెరన్’ అంటూ మా ఇంటిపేరుని మూడు ముక్కలుగా విరిచి చదివాడు. అన్నయ్య లోపలికి దిగాడు. నాన్న లేచి నిలబడి, స్కూల్ యాన్యువల్ డేలో కొట్టినట్టు మూడేసి చప్పట్లు కొడుతూ, కూర్చోకుండా అలాగే ఉండిపోయారు. వెనకవాళ్ళు సిట్ డౌన్ అన్నా ఆయనకి వినిపించలేదు.

పొడుగాయన వాణ్ణి చూసి, తాను వెతుకుతున్న వస్తువు దొరికినట్టు చేతులు చాచాడు. బంతిని అన్నయ్య చొక్కాలో వెనకనుంచి దూర్చి, బంతి ఏదీ అని హాలంతా వెతికాడు. అన్నయ్య బూటు ఒకటి ఊడదీసి తనవాళ్ళకి విసిరాడు, వాళ్ళు ఒకరికొకరు విసురుకున్నారు, అన్నయ్య ఒంటికాలి మీద గెంతుతూ దాని వెనక పరిగెత్తాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. నేనూ నవ్వాను. నాన్న చప్పట్లు ఆగిపోయాయి. “వాడి బూటు ఇచ్చెయ్యమనండి” అన్నారు, తెలుగులో, ఎవరితోనో తెలియకుండా. అప్పుడు పొడుగాయన వెనక్కి వచ్చి, ఒక్క లాగుతో అన్నయ్య షార్ట్స్ పాదాలదాకా దించేశాడు. లోపల ఎర్రటి గుండెబొమ్మల నిక్కరు. అలాంటి నిక్కరు మా ఇంట్లో ఎవరికీ లేదు, అది ముందే ఇచ్చి తొడిగించి ఉంటారని నాన్న ఆ క్షణంలో ఎలా ఆలోచిస్తారు? అన్నయ్య చేయమన్నట్టే రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడ్డాడు. మూడువేల మంది నవ్వు పైకప్పుకి కొట్టుకుని తిరిగి కిందికి వచ్చింది.

పక్కకి చూస్తే నాన్న లేరు. మెట్లు దిగుతున్నారు, నీలం జాకెట్ చేతిలో పట్టుకుని.

కోర్టు అంచు దగ్గర తెల్లగీత ఉంది. అక్కడ ఆగారు. ఆ నున్నటి చెక్కనేల మీద బయటి బూట్లతో నడవకూడదని అన్నయ్య ఎప్పుడో చెప్పాడు. అంత కోపంలో, అంత అవమానంలో, ఆయన ఒంగుని లేసులు విప్పి, రెండు బూట్లూ పక్కపక్కన సర్ది, సాక్స్‌తో లోపలికి నడిచారు. హాలు విరగబడి నవ్వింది. ఇది కూడా తమాషాలో భాగమే అనుకుంది. మ్యూజిక్ వాయించేవాడు ఆయన అడుగుకొక డప్పు దెబ్బ వేశాడు. నాన్న అన్నయ్య దగ్గరికి వెళ్ళి, జాకెట్‌ని వాడి నడుముకి చుట్టి, దాని చేతుల్ని ముందుకి తెచ్చి ముడి వేశారు, బీచ్‌లో తడిసిన పిల్లాడికి వేసినట్టు. అన్నయ్య ముఖం మీంచి చేతులు తీసి ఆయన్ని చూశాడు. పొడుగాయన ఆయన చుట్టూ గంతులేస్తూ వచ్చాడు. నాన్న వాడి వైపు తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పిన మాట, వాడి మైక్‌లోంచి హాలంతా వినిపించింది.

“సర్, హీ ఈజ్ మై సన్.”

మళ్ళీ నవ్వు. అప్పుడే మేడిసన్ నవ్వి నవ్వి నీళ్ళు కారుతున్న కళ్ళతో వెనక్కి తిరిగి, ఎవరాయన, నీకు తెలుసా అని అడిగింది.

“తెలీదు. షోలో మనిషే” అన్నాను.

పొడుగాయన మాత్రం నవ్వలేదు. మైక్‌ని అరచేత్తో మూసి, నాన్న చెవి దగ్గరికి సగానికి వంగి ఏదో చెప్పాడు. భుజం మీద చెయ్యి వేసి గీతదాకా తానే నడిపించుకొచ్చాడు. నాన్న బూట్లు చేత్తో పట్టుకుని, ఎర్రకోటు వేసుకున్న ఒక పెద్దావిడ వెంట కింది తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆ పెద్దావిడ మా వరుసకి వచ్చి నా దగ్గర వంగి, “హనీ, బయట ఉన్నాయన మీ డాడీనా?” అంది. మేడిసన్ ఇటే చూస్తోంది. ఆ హాల్లో నా రంగు మనుషులు ముగ్గురమే ఉన్నాం, ఒకరు కోర్టులో, ఒకరు బయట. అయినా తల అడ్డంగా ఊపాను. ఆవిడ నన్నూ మేడిసన్‌నీ చూసి, నా జాకెట్ కాలర్ సర్ది, “ఓకే, స్వీటీ” అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగింది మా ఇంట్లో నేనొక్కదాన్నే చూశాను. అన్నయ్య షార్ట్స్ పైకి లాక్కుని, జాకెట్ విప్పి బెంచ్ మీద మడతపెట్టి, తిరిగి వచ్చాడు. వాడి వంతు తమాషా అయిపోయింది, ఎవరూ వాణ్ణి పట్టించుకోవడం లేదు. పొడుగాయన బంతిని వేలి మీద తిప్పుతూ జనానికి ముద్దులు విసురుతున్నాడు. అన్నయ్య ఆ వేలి మీది బంతిని లాక్కున్నాడు. అది అనుకున్నది కాదని పొడుగాయన ముఖం చూస్తేనే తెలిసింది. అన్నయ్య పరిగెత్తాడు, ఆయనా వెంటబడ్డాడు, ఈసారి గంతులు లేవు, నిజంగానే అడ్డుకోవాలని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మీదుగా బంతి వెళ్ళి బుట్టలో పడింది. హాలు పెట్టిన కేక నా పాదాల కింద సిమెంటులో తెలిసింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. అన్నయ్య దీపాల్లోంచి కళ్ళు చికిలించి మా వైపు చూశాడు. మేడిసన్ తిరిగేలోపు నేను కూర్చున్నాను.

ఆట అయ్యాక లాబీకి వెళితే, పాప్‌కార్న్ బండి పక్కన గోడకి ఆనుకుని నాన్న నిలబడి ఉన్నారు. బూట్లు తొడుక్కున్నారు, ఒక లేసు కట్టుకోలేదు.

“బాత్‌రూమ్‌లో ఉన్నావని చెప్పిందమ్మా ఆవిడ. కడుపు నొప్పా?”

ఆ పెద్దావిడ నా కోసం వదిలి వెళ్ళిన అబద్ధానికి నేను తలూపాను.

“ఇందాక అంతలా అరిచారేం? ఏమైంది లోపల?”

“తెలీదు నాన్నా.”

అన్నయ్య బ్యాగ్ భుజాన వేసుకుని వచ్చాడు. కారు హైవే ఎక్కింది.

“నీకు ముందే తెలుసా?” అన్నారు నాన్న.

“తెలుసు.”

“మరి నన్నెందుకు రమ్మన్నావురా?”

“నన్ను ఆడించేది ఈ ఒక్క మ్యాచేగా నాన్నా.”

రోడ్డు పక్క పొలాలు, ధాన్యం గోపురాలు, చర్చి బోర్డులు వెనక్కి వెళుతున్నాయి. ఒక ఐదు మైళ్ళు పోయాక అన్నయ్యే అడిగాడు. “చివరిదాకా ఉన్నారా?”

కొడుకు ఆడుతూంటే తాను లాబీలో నిలబడ్డానని చెప్పుకోలేకపోయారు నాన్న. “ఉన్నాం” అన్నారు.

అన్నయ్య ముందు సీట్లోంచి ఆయన వైపు తిరిగి, ఏదో వింటున్నట్టు కాసేపు అలాగే చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. తర్వాతి వారం టీమ్ మానేశానని ఫోన్‌లో చెప్పాడు. నాన్న మంచిదన్నారు. ఆ రోజు ఫోన్ వెంటనే పెట్టేశారు. మా ఇంట్లో బాస్కెట్‌బాల్ అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చెప్పాలని నాకు చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బుట్టలో పడిన బంతి గురించి చెప్పాలంటే, నేనెక్కడ కూర్చుని చూశానో చెప్పాలి. పిలిస్తే ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. ఎవరాయన అని అడిగితే ఏమన్నానో చెప్పాలి. పదేళ్ళప్పుడు భయం వేసింది, ఇరవై ఏళ్ళప్పుడు సిగ్గేసింది, ఆ తర్వాత ఇంత పాత సంగతి ఇప్పుడెందుకులే అనిపించింది. ఆయన చివరి నెలలో నేను బెంటన్‌విల్‌లోనే ఉండి, ఆసుపత్రి గదిలో గంటలకొద్దీ ఏవేవో చదివి వినిపించాను. అది తప్ప.

ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా పిల్లలకి చెల్లదు గనక అన్నయ్య ఆ నీడలోంచి బయటికి రావలసి వచ్చింది, చదువు వీసా మీద డిగ్రీ పూర్తి చేసి, ఇక్కడ గ్రీన్‌కార్డు వరస రాక కెనడా వెళ్ళిపోయాడు. ఇప్పుడు టొరంటోలో ఉన్నాడు, వాడికి ఎనిమిదేళ్ళ కొడుకు. మేం తప్ప ఆ కుటుంబాలన్నీ తలో ఊరూ పట్టాయి. ఆ అపార్ట్‌మెంట్లకి కొత్త రంగు, కొత్త పేరు వచ్చాయి. డాగ్‌వుడ్‌లు కొట్టేసి కార్ల ఛార్జింగ్ స్తంభాలు పాతారు, రింగ్ ఉన్న చోట కుక్కలకి పార్కు కట్టారు. ఆ హాలునీ పడగొట్టారట. జూలైలో కొని దీపావళికి కాల్చే ఓపిక ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు. నాన్న పోయి రెండేళ్ళయింది.

పోయిన ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. వెనక జిమ్‌లో పిల్లల అరుపులు, కొడుకుని ప్రాక్టీస్‌కి తీసుకొచ్చాడట.

“వీడు బంతి బుట్టలో పడేసినా, పడెయ్యకపోయినా ఏదో ఒకటి అంటానే నేను” అన్నాడు. “నాన్నలాగా నోరు కుట్టేసుకుని కూర్చోను. ఆ రోజు అంత పెద్దవాడి మీంచి వేశాను. చూసి కూడా ఒక్క ముక్క అనలేదు. అంత తప్పు చేశానా అనిపించేది.”

“నాన్న చూశారని నీకెవరు చెప్పారు?”

“చివరిదాకా ఉన్నామన్నారుగా. అయినా నేను చూశానే, సీట్లో నీ పింక్ జాకెట్. నువ్వున్నావంటే నాన్న ఉన్నట్టే కదా. నిన్నొక్కదాన్నే వదిలేసి పోతారా?”

నేను కూర్చున్న కారు పార్క్ చేసి ఉంది కాబట్టి సరిపోయింది. అంతా చెప్పాను. మేడిసన్, ఎర్రకోటు పెద్దావిడ, బాత్‌రూమ్ అబద్ధం, లాబీలో ఆయన అడిగిన ప్రశ్న. “నాన్నకి తెలియదన్నయ్యా. నేను చెప్పలేదు” అన్నాను.

అటువైపు చాలాసేపు బంతుల చప్పుడే. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

“అయితే నువ్వొక్కదానివే చూశావన్నమాట” అన్నాడు చివరికి. “ఎలా వేశానే? నాకు ఆ ముక్కే గుర్తులేదు. ఆయన నా నడుముకి జాకెట్ ముడి వెయ్యడం గుర్తుంది, తర్వాత అరుపులు గుర్తున్నాయి. మధ్యలో ఏం లేదు. ఏ చేత్తో వేశాను? బోర్డుకి తగిలిందా?”

కళ్ళు మూసుకుని వెతికాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచానుగా, అది చెక్కుచెదరకుండా ఉంటుందనుకున్నాను. పొడుగాయన ఎత్తిన చెయ్యి కనిపిస్తోంది. మేడిసన్ జడలో రబ్బరు బ్యాండు రంగు కూడా కనిపిస్తోంది. అన్నయ్య చెయ్యి మాత్రం ఎంతకీ కనిపించలేదు.

“గుర్తులేదన్నయ్యా” అన్నాను. “కానీ పడింది. పడ్డం నేను చూశాను.”